గూడెం నుంచి ఆటో బయల్దేరిన వేళ

దయ్యాలంటే నాకు భయం లేదు, అసహ్యం. వాటి కథలు చెప్పేవాళ్లంటే ఇంకా అసహ్యం. పదకొండేళ్లుగా ఏఎన్ఎం ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్లు తిరిగి గర్భిణులకు, చంటిపిల్లలకు సూదులు వేసే నర్సును. ఫిట్స్ వచ్చి కొట్టుకుంటున్న నిండు గర్భిణికి వేపమండలతో విసురుతూ కూర్చున్న ఇంటిని నా కళ్లతో చూశాను. గాలి సోకిందట! బీపీ మిషన్‌లో అంకె చూసి, ఆ మండలు లాగి పారేసి ఆమెను దవాఖానాకు తోలించాను. ఆ పిల్ల ఎలాగో బతికింది గానీ, ఆ ఇంటివాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కాబట్టి ఇది చదివి "చూశారా, ఉన్నాయి మరి" అని ఎవరూ సంబరపడొద్దు. ఉన్నాయని నేను చెప్పడం లేదు. నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మేము ఏన్కూరులో కిరాయికి ఉంటాం. మా ఆయనకు కొత్తగూడెం వైపు బొగ్గుబాయిలో షిఫ్టు డ్యూటీ. ఇద్దరు మగపిల్లలు. అప్పటికి పెద్దోడికి ఐదేళ్లు, చిన్నోడికి ఏడాదిన్నర. చిన్నోడు పుట్టిన మూడు నెలలకే నేను పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నాను. క్యాంపుకు గూడేల నుంచి ఆడవాళ్లను తోలుకొచ్చింది నేనే. వాళ్లు భయపడుతుంటే, "చూడండి, నాకేమవుతుందో చూసి మీరు పడుకోండి" అని ముందు నేనే బల్ల ఎక్కాను. అప్పట్లో ఆ మాట చెప్పుకుని తెగ మురిసిపోయేదాన్ని.

నా డ్యూటీ ఊళ్లలో చివరిది, అడవి లోపలికి ఉండే ఒక గూడెం. ఏన్కూరు నుంచి ఆటోలో గంటన్నర పైమాటే. ఫోన్ సిగ్నల్ ఉండదు. అక్కడ ముత్తవ్వ అని ఒక ముసలామె ఉంది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల కాన్పులన్నీ ఆమే చేసేది. నేను డ్యూటీలో చేరిన కొత్తలో ఆమె ఇంట్లో బొడ్డు కోసే బ్లేడు, దారం దొరికితే గూడెం అందరి ముందూ లాక్కుని బయట పారేశాను. ఇంకోసారి కాన్పు ముట్టుకుంటే పోలీసులను తెస్తానన్నాను. ఆ రోజు నుంచి నేను కనిపిస్తే ముసలామె ముఖం తిప్పుకునేది. నేనూ అంతే. ఒకరికొకరం గడ్డిపోచతో సమానం.

ఇక నా తెలివితేటల గురించి. ఆ చలికాలం చివర్లో నాకు నెల తప్పింది. వారం చూశాను, రాలేదు. ఊరందరికీ పరీక్ష చేసే కిట్లు నా బ్యాగులోనే ఉన్నాయి. ఒకరోజు బయటికి తీశాను కూడా. మళ్లీ లోపల పెట్టేశాను. ఆపరేషన్ అయ్యాక కడుపేంటి అని ఒక ధీమా. దాని వెనకాల అసలు సంగతి వేరే ఉంది, సిగ్గు. నర్సమ్మకే ఆపరేషన్ ఫెయిలైందంటే రేపు ఏ ఆడది నా మాట విని క్యాంపుకొస్తుంది? ఎప్పుడో ఒకసారి ఇలా జరుగుతుందనీ, జరిగితే గర్భం ట్యూబులోనే ఇరుక్కునే ప్రమాదం ఎక్కువనీ ట్రైనింగులో చెప్పారు. రాసుకున్నాను కూడా. రెండు నెలలు నిండినా నాకు చెప్పకుండా దాచిపెట్టే గూడెం ఆడవాళ్లను ఎన్ని తిట్లు తిట్టానో లెక్కలేదు. వాళ్లు దిష్టికి దాచుకుంటారు. నేను పరువు కోసం దాచుకున్నాను. వాళ్లే నయం.

కొంచెం కొంచెం మరకలు కనిపిస్తే, ఇదిగో వచ్చేసింది అనుకున్నాను. పొత్తికడుపులో కుడివైపు నొప్పి వస్తే గ్యాస్ మాత్ర వేసుకున్నాను. వేరే ఎవరైనా ఇలా చేసి ఉంటే చెంప పగలగొట్టేదాన్ని.

ఆ రోజు ఆదివారం. మా ఆయన డ్యూటీకి వెళ్లాడు. పొద్దున్నుంచీ నాకు నొప్పి కూడా పెద్దగా లేదు. పిల్లలకు నీళ్లు పోశాను, బకెట్ బట్టలు ఉతికి ఆరేశాను. పన్నెండు దాటాక పప్పన్నం కలిపి ఇద్దరినీ ముందు కూర్చోబెట్టుకున్నాను. చిన్నోడి నోట్లో రెండు ముద్దలు పెట్టానో లేదో, లోపల ఏదో చిరిగినట్టయింది. ఆ వెంటనే కుడి భుజం మీద పోటు. భుజంలో పోటు ఎందుకొస్తుందో నాకు తెలుసు. కడుపులో రక్తం నిండితే వస్తుంది. అప్పుడు అర్థమైంది నేనెంత మూర్ఖురాలినో. లేచి ఫోన్ అందుకోబోయి గడప దగ్గర పడిపోయాను.

పడిపోతూ నేను అనుకున్నది ఒక్కటే. సాయంత్రం దాకా మా ఆయన రాడు. వీళ్లిద్దరూ ఈ శవం పక్కన అన్నం గిన్నెతో కూర్చుని ఉంటారు.

మళ్లీ కళ్లు తెరిచేసరికి ఆటోలో ఉన్నాను. నా తల సమ్మక్క ఒడిలో ఉంది. సమ్మక్క అంటే ముత్తవ్వ కోడలు. పక్కింటి ఉమ ఎదురు సీట్లో కూర్చుని ఏడుస్తూ మా ఆయనకు ఫోన్ చేస్తోంది. పిల్లలిద్దరూ ఉమ వాళ్ల అత్తగారి దగ్గర ఉన్నారు. ఇవన్నీ తర్వాత తెలిశాయి. నాకు గుర్తున్నది సమ్మక్క నా చెంపలు తడుతూ అన్న మాట.

"కండ్లు మూయకు నర్సమ్మా. మా అత్త పొద్దుగాలనే చెప్పింది, నీకు లోపట రక్తం పోతదని."

ఖమ్మంలో దవాఖానాకు చేరగానే కడుపు కోశారు. కుడి ట్యూబు పగిలి కడుపంతా రక్తం. ఇంకో అరగంట ఆలస్యమైతే తన చేతిలో ఏమీ ఉండేది కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ అయిన మనిషివి, నర్సువి, ఇన్నాళ్లు ఏం చేస్తున్నావమ్మా అని అడిగింది. గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఇంటికొచ్చాక అసలు తమాషా మొదలైంది. మా అత్తమ్మ బోనకల్ నుంచి వచ్చింది. పిల్లల్ని చూసుకుంది, కాదనను. కానీ వచ్చినవాళ్లందరికీ "కడుపుల గడ్డుంటే తీసిండ్రు" అని చెప్పేది. గర్భమని చెబితే ఆమెకు నామోషీ. కాన్పు అయితే బాలింత అంటారు, కడుపు పోతే అయ్యో అంటారు. నాది రెండూ కాదు. బత్తాయిలు తెచ్చినవాళ్లు తెచ్చినట్టే నాకు పాఠాలు చెప్పారు. మా ఆఫీసులో ఒకామె అయితే నవ్వు ఆపుకోలేక, నీ ఫొటో క్యాంపు బ్యానర్ మీద వేయిద్దామా అంది. మా అత్తమ్మ ఒకరోజు గుమ్మానికి నిమ్మకాయలు కట్టించింది. డ్యూటీకి తిరుగుతూ మిట్టమధ్యాహ్నం వాగు దాటినందుకు గాలి సోకి నాకు ఇలా అయిందట. తెంపి పెంట మీద పారేశాను.

ఆరు వారాలు బరువు ఎత్తొద్దన్నారు. పదకొండు కిలోల చిన్నోడు నా నైటీ పట్టుకుని, చేతులు పైకి చాపి ఏడ్చేవాడు. నేను పీట మీద కూర్చుంటే వాడే ఎక్కాలి. కుట్ల మీద కాలు వేస్తాడని మా అత్తమ్మ లాక్కెళ్లేది. ఇరవై రోజులకు వాడు నా దగ్గరకు రావడం మానేశాడు. నాయనమ్మ కొంగు పట్టుకుని, నన్ను ఎవరో చుట్టపుమనిషిని చూసినట్టు చూసేవాడు. కుట్ల నొప్పి నయం, ఆ చూపు ముందు.

పెద్దోడిది ఇంకో తీరు. స్నానానికి వెళితే తలుపు వేయనివ్వడు. బియ్యం ఏరడానికి నేల మీద కూర్చున్నా పరిగెత్తుకొచ్చి, "అమ్మా, పడ్డవా?" అని అడిగేవాడు. రోజుకు పదిసార్లు. లేదు నాన్నా, కూర్చున్నా అని పదిసార్లూ చెప్పేదాన్ని.

నాకు ఏడుపొచ్చేది. దేనికని అడిగితే చెప్పలేను. వద్దనుకునే కదా ఆపరేషన్ చేయించుకున్నది. వద్దనుకున్నదాని కోసం ఏడవడం ఏం నాటకం? అలా నన్ను నేను తిట్టుకుని ముఖం కడుక్కునేదాన్ని.

కొంచెం తేరుకున్నాక ఆటో సంగతి నన్ను తొలవడం మొదలుపెట్టింది. ఆ ఆటోవాడు గూడెం అతనే. ఒకరోజు పని మీద ఏన్కూరు వస్తే ఇంటికి పిలిపించి, పోలీసు అడిగినట్టు అడిగాను. ఆ రోజు పొద్దున మిర్చి కోతకు కూలీలను తోట దగ్గర దింపి, తొమ్మిదింటికి గూడెం వచ్చాడట. ముత్తవ్వ ఆటోకు అడ్డంగా కూర్చుందట, కోడలిని ఎక్కించుకుని నర్సమ్మ ఇంటికి పోతావా పోవా అని. అతను కుదరదని గంటసేపు వాదించాడు. పదింటికి కదిలాడు. దారిలో టైరు పంచరైంది. లేకపోతే ఇంకా ముందే వచ్చేవాళ్లం అన్నాడు. మిర్చి తోట రైతును కూడా అడిగాను. ఆ రోజు ఆటో టైముకు రాక బస్తాలు ఎండలో ఉండిపోయాయని అతను ఇంకా తిడుతూనే ఉన్నాడు.

పదింటికి నేను బట్టలు ఆరేస్తున్నాను. లోపల ఏం కాబోతోందో నాకే తెలియదు.

పాలిపోయిన నా ముఖం చూసి ముసలామె ముందే కనిపెట్టి ఉంటుందని డాక్టరమ్మ అంది. నేనూ అదే అనుకుని డైరీ తీసి చూశాను. ఆ గూడేనికి నేను చివరిసారి వెళ్లింది ఆ ఆదివారానికి ఐదు వారాల ముందు. అప్పటికి నాకు నెల కూడా తప్పలేదు.

సెలవు అయిపోయి మళ్లీ డ్యూటీలో చేరిన వారానికి గూడెం వెళ్లాను. కృతజ్ఞత చెప్పడానికి అని అందరికీ చెప్పాను గానీ, నిజానికి గుట్టు లాగడానికి వెళ్లాను. నన్ను ఎవరో ఎక్కడో చూసి ఉంటారు, మాట గూడెం చేరి ఉంటుంది. అది కక్కిస్తే నా మనసు చల్లబడుతుంది.

ముత్తవ్వ ఇంటి ముందు కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. సమ్మక్క మంచం వాల్చింది. నేను కూర్చోలేదు.

"చంటోన్ని ఎత్తుకుంటున్నవా?" అని ముసలామె తల ఎత్తకుండానే అడిగింది. ఇన్నేళ్లలో ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది.

రెండు రోజుల నుంచి ఎత్తుకుంటున్నానని చెప్పాను. తర్వాత సూటిగా అడిగాను, ఆ రోజు నాకు అలా అవుతుందని ఎవరు చెప్పారని.

"ఎవరేంది? నీ బిడ్డనే వచ్చింది. మా అమ్మకు లోపట రక్తం పోతది, జల్దీ పోండ్రని చెప్పింది."

అక్కడ బిడ్డ అంటే కూతురు. నాకు నవ్వొచ్చింది. ఇంతేనా, ముసలిదానికి మతి చలించింది అనుకున్నాను.

"నాకు ఆడపిల్ల లేదవ్వా. ఇద్దరూ మగపిల్లలే."

ఆమె చేయి ఆగింది. తల ఎత్తి నన్ను తేరిపార చూసింది. ఆ చూపులో ఉన్నది వట్టి చులకన.

"ఆడపిల్లో మొగపిల్లగాడో నాకు తెల్వదా? ఎంతమందిని ఈ చేతులతోటి తీసిన్నో ఎరుకేనా నీకు? అచ్చం నీ ముక్కే."

మళ్లీ చింతపండు పనిలో పడింది. సమ్మక్కను పక్కకు పిలిచి అడిగాను. ఆ పొద్దున వాళ్లింటికి ఏ పిల్లా రాలేదట. అత్త ఒక్కతే గడపలో కూర్చుని ఎవరితోనో మాట్లాడుతుంటే, కోళ్లను అదిలిస్తోంది అనుకుందట.

ఇంటికొచ్చి బీరువాలోంచి రిపోర్టు తీశాను. ఏడు వారాల గర్భంలో ఆడా మగా తెలియదు. ఆ సంగతి నేనే పదిమందికి చెబుతాను. రిపోర్టులో అలాంటి ముక్క ఉండదనీ తెలుసు. అయినా మొదటి లైను నుంచి చివరి సంతకం దాకా రెండుసార్లు వెతికాను. వెతికినందుకు నా మీద నాకే రోత పుట్టింది. ఆ తర్వాత గుక్కపట్టి ఏడ్చాను. మా అత్తమ్మ ఏమైందని అడిగితే చెప్పలేదు. చెబితే నిమ్మకాయలతో ఆగదు.

ముసలామె మతి తప్పి ఏదో అంది, సరే. మతి తప్పిన మాటకు ఆటో రెండు గంటల ముందు ఎలా బయల్దేరింది? దయ్యాలను నేను ఈ రోజుకీ నమ్మను.

ఆ తర్వాత చాలాసార్లు గూడెం వెళ్లాను. ముత్తవ్వ ఉంది, ముఖం తిప్పుకోవడం మానేసింది. వెళ్లిన ప్రతిసారీ ఒక్క మాట అడగాలని నోటిదాకా వస్తుంది. ఎలా అడగను? నేను వద్దనుకున్న పిల్ల. ఆ పొద్దున ఏడుస్తూ వచ్చిందా అవ్వా?