చేప పిడి గంటె

నిన్న సాయంత్రం మా మనవరాలు ఇంగ్లీషు హోంవర్కు పట్టుకొని వంటింట్లో నా పక్కన కూర్చుంది. ఎక్కడ 'మై' రాయాలి, ఎక్కడ 'మైన్' రాయాలి అని అడిగింది. రిటైరైనా పాఠం చెప్పే జబ్బు పోలేదు గనక, 'మై', 'యువర్', 'హర్' అనేవాటి వెంట వస్తువు పేరు తప్పకుండా రావాలనీ, 'మైన్', 'యువర్స్', 'హర్స్' మాత్రం ఆ తోడు లేకుండానే నిలబడతాయనీ చెప్పి, ఏదైనా వస్తువు చూపించు, వాక్యం చేద్దాం అన్నాను. ఆ పిల్ల చుట్టూ చూసి, మా కోడలు పప్పు కలుపుతున్న చెక్క గంటెను చూపించి, అది ఎవరిదని అడిగింది.

నేను ఆత్మకూరులో కాపురముండి, ఉదయగిరిలో ఒక బడికి రోజూ బస్సులో పోయి వస్తుండిన రోజుల్లో ఆ గంటె మా ఇంటికి వచ్చింది. మన తరం వాళ్లకు తెలుసు, అప్పట్లో ఇంగ్లీషు అయ్యవారంటే పిల్లలకు ఎంత హడలో. ఆ హడలు నాకు ఇష్టంగా ఉండేది. ఈ పాఠం వచ్చిన రోజు పిల్లల సంచుల్లోంచి తలా ఒక వస్తువు తీసి బల్ల మీద కుప్ప పోసేవాణ్ణి. ఎవరి వస్తువును వాళ్లు 'దిస్ ఈజ్ మై పెన్, దిస్ పెన్ ఈజ్ మైన్' అని రెండు విధాలా చెప్పి తీసుకోవాలి. తప్పు చెప్తే వస్తువు నా దగ్గరే ఉంటుంది. మంచి పద్ధతి కనిపెట్టానని గర్వంగా ఉండేది.

అట్లా ఒకనాడు ఎనిమిదో తరగతిలో ఒక ఆడపిల్ల సంచిలోంచి ఈ గంటె తీశాను. పిడి కొసన చేప, పొలుసులతో సహా చెక్కి ఉంది. అందరూ తమ తమ వస్తువులు తీసుకుపోయాక బల్ల మీద ఇదొక్కటే మిగిలింది. "అది నాది కాదు సార్, మాయమ్మది. బడి వదల్తానే బేరగాడికి ఇయ్యాల," అని ఆ పిల్ల మెల్లగా అన్నది. అమ్మదైతే 'హర్', 'హర్స్' పెట్టి చెప్పమన్నాను. 'హర్' అని ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగిపోయింది. పిల్లలు నవ్వారు, వాళ్లతోపాటు నేనూ నవ్వాను. రేపు నేర్చుకొని వస్తే ఇస్తానని గంటెను నా సంచిలో వేసుకొని ఆత్మకూరు బస్సెక్కాను. ఇంట్లో మా ఆవిడ అది నేను కొనుక్కొచ్చాననుకొని, కడిగి పొయ్యి దగ్గర పెట్టింది.

మరునాడు ఆ పిల్ల తల్లి బడి గేటు దగ్గర నిలబడి ఉంది. గంటెలు చెక్కీ చెక్కీ వేళ్లనిండా గాట్లు. నేను తొందరలో మరిచివచ్చానని, రేపు తప్పక తెస్తానని చెప్పాను.

"రేపు ఏంటికి సార్. నెల్లూరు బేరగాడు నిన్ననే వచ్చి పోయినాడు. మచ్చు చూపిస్తేనే గదా పని ఇచ్చేది. పక్కింటోళ్లకి ఇచ్చేసినాడు. ఇంక దాంతో నాకేం పని, మీరే ఉంచుకోండి."

కోపంగా అనలేదు. అదే నాకు వెసులుబాటైంది. ఆమె ఉంచుకోమన్నది గనక అది నాదేనని అనుకున్నాను. కొన్నాళ్లకు ఆ పిల్ల బడికి రావడం మానేసింది, తల్లీకూతుళ్లు కూలికి ఎటో పోయారని పిల్లలు చెప్పారు. వాళ్ల వీధి నేను దిగే బస్టాండు వెనకే. అయినా ఒక్కనాడూ ఆ గడపకు పోలేదు. రిటైరయ్యాక గంటెను సంచిలో పెట్టుకొని పోయి ఆ వీధంతా తిరిగాను గానీ, వాళ్లెవరో చెప్పగలిగిన వాళ్లు కనబడలేదు. తీసుకుపోయిన గంటెతోనే తిరిగొచ్చాను.

ఇప్పుడు పిల్లల సీసాల మీద, డబ్బాల మీద పేర్ల చీటీలుంటాయి. అయ్యవార్లు ఏదైనా తీసుకుంటే పిల్లలు మొహం మీదే అడిగేస్తారు. మంచిదే. మా రోజుల్లో తన వస్తువును తాను అడగడానికి ఒక పసిపిల్ల పరాయి భాష వెతుక్కోవలసి వచ్చింది. దాన్నే నేను చదువు అనుకున్నాను.

మనవరాలిని 'హర్స్' అని రాయమన్నాను. రాసి, తలెత్తి, ఆమె పేరేంది తాతా అన్నది. ఆ రోజు గేటు దగ్గర ఆమె అంతసేపు నిలబడినా, నేను పేరు అడగలేదు.