చీరకింద దాచిన ఎడమకాలు

మాది పూండి దగ్గర చిన్న పల్లె. జీడితోటే మాకు ఆధారం. మేం కేథలిక్కులం. ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగినందుకు గుర్తుగా, ఈస్టరు ముందు గురువారం మా గుడిలో ఫాదరుగారు పన్నెండుమంది కాళ్ళు కడుగుతారు. మూడేళ్ళ కిందట ఆ పన్నెండుమందిలో నా పేరూ వచ్చింది.

అవి జీడిపిక్కలు ఏరే రోజులు. సాయంత్రం దాకా తోటలోనే ఉన్నాను. పాదాలకి పళ్ళ రసం, దానిమీద ఎర్రమట్టి. ఏటా కుడికాలే కదా కడుగుతారని, ఆ ఒక్కదాన్నే చింతపండు రాసి కొబ్బరిపీచుతో తోమాను.

"ఏటే, అంతా నువ్వే కడిగేత్తే ఫాదరుగారికి పనేటుంటాది?" అని మా ఆయన ఒకటే నవ్వు.

గుడిలో నన్నే మొదట కూర్చోబెట్టారు. కుడికాలు దర్జాగా ముందుకు చాపాను. ఆ ఏడే వచ్చిన కొత్త ఫాదరుగారు అది కడిగి, తుడిచి, "రెండోది కూడా ఇవ్వమ్మా" అన్నారు.

చీరకింద దాచిన ఎడమకాలు బయటికి తీశాను. బేసినులో నీళ్ళు టీ రంగుకి తిరిగాయి. మిగతావాళ్ళ కోసం నీళ్ళు మార్చాల్సి వచ్చింది. ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

పూజయ్యాక తలొంచుకుని పోతుంటే ఫాదరుగారు పిలిచారు. "ఇరవైనాలుగు కాళ్ళు కడిగానమ్మా. అందులో కడగాల్సింది నీ ఎడమకాలొక్కటే" అన్నారు.

ఆ మాటతో నా సిగ్గు పోయింది. మా ఆయన నవ్వు మాత్రం పోలేదు. ఇప్పటికీ తోటనుంచి రాగానే, "ఈరోజు ఏ కాలు కడుగుతావే?" అంటాడు.

— మరియమ్మ, పూండి