బస్సు దగ్గర ఉండే మనిషి

కొరియాలో గున్‌సాన్ రేవు బజారు ఆడవాళ్ళు ఏడాదికి ఒక్కసారి, ఆకులు ఎర్రబడే రోజుల్లో, కొట్లకు తాళాలేసి కొండకు పోతారు. కొండెక్కడానికే అంటారు గానీ ఎక్కేదేమీ ఉండదు. చదునైన దారి, రెండు పక్కలా మేపుల్ చెట్లు, ఫొటోలు, కేరింతలు, ఆపైన తిండి. బట్టలు మాత్రం మంచు శిఖరం మీద జెండా పాతబోయే వాళ్ళవి. మోకాళ్ళ నొప్పులని ఏడాదంతా మూలిగే మనిషి కూడా ఆ రోజు రెండు చేతికర్రలు పట్టుకుని, గులాబీరంగు చొక్కా తొడుక్కుని, వీరనారిలా బస్సెక్కుతుంది. నవ్వొస్తుంది నిజమే, కానీ చేప పొలుసుల మధ్య బతికేవాళ్ళకు ఒక్కరోజైనా వేరే వేషం కావాలి కదా.

ప్యో మాల్‌సున్ కూడా ఏటా ఆ బస్సులో వెళ్ళింది. ఇరవై ఏళ్ళు దాటిపోయింది. ఎర్రబడిన చెట్లను మాత్రం ఒక్కసారి కూడా దగ్గరనుంచి చూడలేదు.

ఆమె ఐదుగురు ఆడపిల్లల్లో ఆఖరుది. 'మాల్' అంటే ఆఖరు; ఇక ఆడపిల్లలు చాలు అని తండ్రి పెట్టిన పేరు అది. పడవ ఇంజన్లు బాగుచేసేవాణ్ణి కట్టుకుంటే, అతను తాగి తాగి, కూతురికి పాలపళ్ళు ఊడకముందే పోయాడు. ఆ ఏడే ఆమె బజారులో వండిన కూరలు, పచ్చళ్ళు అమ్మే కొట్టు పెట్టుకుంది. అందరిలోకీ చిన్నది, కొత్తది, పైగా చేతిలో రుచి ఉన్నది. చారు కాచి పెట్టడానికి ఎవరో ఒకరు బస్సు దగ్గర ఉండాలి, నువ్వు చిన్నదానివి, ఉండు అన్నారు. ఉంది.

కొండ బయట బస్సులు ఆగే మైదానంలో చాపలు పరిచింది. గ్యాసు పొయ్యి మీద ముల్లంగీ గొడ్డుమాంసం చారు మరిగించింది. నాచులో అన్నం చుట్టి చేసిన గింబాప్‌ను ముక్కలు కోసి, ఉడికిన పందిమాంసం పళ్ళేల్లో సర్దింది. దిగొచ్చినవాళ్ళు తిని లొట్టలేశారు. "అబ్బ, ఏం చెయ్యే నీది!" అన్నారు. ఆ పొగడ్తతోనే ఆమెను అక్కడ కట్టేశారు. తర్వాత ఏడాది ఎవరూ ఏమీ అడగలేదు. బస్సు ఆగగానే చాపలూ గిన్నెలూ ఆమె కాళ్ళ దగ్గర దిగాయి, మిగతావాళ్ళు నడిచిపోయారు. అంతే, ఆ పని ఆమెదైపోయింది. కోపం రాలేదా అంటే వచ్చింది. కోపంతోనే చారు కాచింది, అదింకా బాగా కుదిరింది. ఆమె ఖర్మ.

యాత్ర ఏర్పాట్లు చూసే పెద్దరికం బజారులో ఏటా ఒకరికి వస్తుంది. మాల్‌సున్ దగ్గరికొచ్చేసరికి, "నీకు వంటే ఎక్కువ, పెద్దరికం కూడా ఎందుకు" అని ప్రేమగా దాటేసేవాళ్ళు. ఈ ఏడు ఆమె నోరు తెరిచి అడిగింది. అడిగితే కాదనలేకపోయారు.

ఇక చూడాలి ఆమె హడావుడి! ఏ కొండమీద ఆకులు ఎప్పుడు పండుతాయో రేడియోలో చెబుతుంటే, ముల్లంగి తరిగే కత్తి ఆపి మరీ వినేది. ఇంచెయాన్‌లో ఉన్న కూతురికి ఫోన్ చేసి, ఏ దారిలో మెట్లు తక్కువో వెతికించింది. చివరికి నెజాంగ్ కొండ ఖాయం చేసింది. గేటు నుంచి గుడిదాకా చదునైన దారి. పైన కొమ్మలు రెండువైపుల నుంచీ కలిసిపోతాయట. మధ్యలో చెరువు, చెరువులో మంటపం. అక్కడినుంచి రోప్‌వే ఎక్కితే కొండలన్నీ ఒక్కచోటనుంచి కనబడతాయి. భోజనం కొండ కింద హోటల్లో. పొయ్యి లేదు, గిన్నెలు లేవు, బస్సు దగ్గర ఎవరూ ఉండక్కర్లేదు. ఈ చివరి మాట కోసమే మిగతాదంతా కట్టుకొచ్చిందని ఆమెకొక్కదానికే తెలుసు.

ఆ రోజుల్లోనే థుయ్ కిమ్చీ పచ్చడి కొనడానికని కొట్టుకు వచ్చింది. చేపలు కోసే ముసలామె కోడలు, వియత్నాం పిల్ల, వచ్చి ఏడాదైనా కాలేదు. బజారులో ఆమెతో నెమ్మదిగా, అర్థమయ్యేలా మాట్లాడేది మాల్‌సున్ ఒక్కతే.

"పిన్నీ, ఆకులు నిజంగా ఎర్రగా ఉంటాయా? ఎవరన్నా రంగు వేస్తారా?"

"రంగు వెయ్యడమేంటే పిచ్చిపిల్లా! చలికి వాటంతటవే అవుతాయి."

"మా ఊళ్ళో చెట్లు ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి. నేను చెబితే మా అమ్మ నమ్మదు. ఫొటో పంపమంది."

"పంపుదువుగాని. నేనూ చూస్తాగా, ఇద్దరం కలిసి నడుద్దాం," అంది మాల్‌సున్. ఆ మాట అన్నప్పుడు ఆమెకు మనసులో మరో ఉద్దేశం లేదు.

యాత్రకు ముందు వారం ఆడవాళ్ళంతా బొక్‌హీ కొట్లో కూడారు. బొక్‌హీ ఎండుచేపలమ్ముతుంది, బజారు సంఘానికి పెద్ద. మాల్‌సున్ ఏర్పాట్లన్నీ చెప్పింది. దారి బాగుందన్నారు, రోప్‌వే అనగానే చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత భోజనం సంగతి చెప్పింది.

"హోటల్లోనా?" అంది బొక్‌హీ, చేపల కట్టలు కడుతూనే. "ఆకుల రోజుల్లో అక్కడ పెట్టేది తిండేనా? చల్లన్నం మీద నాలుగు ఆకులు పారేసి, త్వరగా లేవండి అంటారు."

"నేను మాట్లాడానక్కా. కుర్చీలు మనకోసం ఆపి ఉంచుతామన్నారు."

"కుర్చీలు తింటామే?"

అందరూ నవ్వారు. టోఫు కొట్టావిడ బుజ్జగింపుగా, "నీ చేతి చారు లేకపోతే అదేం యాత్రక్కా? ఆకులు పేరుకే గానీ, మేం చలిలో నడిచి దిగొచ్చేది దానికోసమే కదా!" అంది.

మాల్‌సున్‌కు ముఖం వేడెక్కింది. "ఈసారి నేనూ నడుస్తాను," అంది. "ఇన్నేళ్ళలో ఒక్క చెట్టు చూడలేదు నేను."

ఎవరికీ ఆ సంగతి ఇంతకుముందు తట్టలేదు. ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు, కాస్త సిగ్గుపడ్డారు కూడా. సిగ్గుపడ్డవాళ్ళకు తర్వాత వచ్చేది కోపమే.

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం? నిన్నెవరన్నా తాడేసి కట్టారా?" అంది బొక్‌హీ. "నడువమ్మా, నడువు. ముందురోజే చారు కాచెయ్యి. అక్కడ వేడిచేసి పెట్టడానికి ఓ మనిషుంటే సరి."

"మా కోడలుందిగా," అంది చేపలు కోసే ముసలామె. "పడుచు ఒళ్ళు. అది చెట్లు చూసి చేసేదేముంది, ఫోను పట్టుకుని ఇకిలించడం తప్ప!"

థుయ్ గుమ్మం దగ్గర కూర్చుని అందరికీ పెర్సిమన్ పళ్ళు కోస్తోంది. తన మాట వచ్చిందని తెలిసి తలెత్తింది. సగమే అర్థమైంది. మిగతా సగం అర్థం చేసుకోవడానికి మాల్‌సున్ ముఖంలోకి చూసింది.

అందరూ మాల్‌సున్ వైపే చూశారు. ఆ ఏడు యాత్రకు పెద్ద ఆమె, చెప్పాల్సింది ఆమె. వద్దు, హోటలే అని ఒక్కమాట గట్టిగా అంటే చాలు. మహా అయితే ఓ నెలరోజులు మూతులు ముడుచుకుంటారు. అనడానికి నోరు తెరిచింది. ఈ పిల్లకింకా బోలెడన్ని ఏళ్ళున్నాయి, నాకేమున్నాయి అనుకుంది. అందులో అబద్ధమేమీ లేదు. అందుకే ఆ మాట అంత సులువుగా లోపలికి దిగింది.

"సరే," అంది. "చారు నేను కాస్తాను."

యాత్ర రోజు పొద్దున బస్సు దిగి అందరూ చేతికర్రలు బిగించుకుంటున్నారు. థుయ్ కూడా కొత్త బూట్ల తాళ్ళు కట్టుకుని వరసలో నిలబడింది. అత్త వచ్చి ఆమె చేతిలో గరిటె పెట్టింది. పొయ్యి ఎలా వెలిగించాలో, గాలికి ఏ పక్క అట్ట అడ్డం పెట్టాలో మాల్‌సునే చూపించింది, ఎంతో ఓపిగ్గా. థుయ్ ప్రతిదానికీ తలూపింది. "ఫొటోలు తీసుకురండి పిన్నీ, మా అమ్మకు పంపుతాను," అని తన ఫోను ఆమె చేతికిచ్చింది. మాల్‌సున్ అది జేబులో పెట్టుకుని వెనక్కి తిరక్కుండా నడిచింది.

దారి కూతురు చెప్పినట్టే ఉంది. కాదు, చెప్పినదానికంటే ఎంతో ఎక్కువగా ఉంది. తల మీద ఎరుపు, కాళ్ళ కింద ఎరుపు, ఎదురొచ్చే పిల్లల బుగ్గల మీద కూడా ఆ ఎరుపే. మాల్‌సున్ దారి మధ్యలో ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఇంత దగ్గర్లో, నాలుగడుగుల అవతల, ఇది ఇలా ఉందన్నమాట. తను అక్కడ గిన్నెలు తోముతుంటే వీళ్ళు ఇలాంటి ఎరుపు కింద నడిచారన్నమాట. ముందు ఏడుపొచ్చింది, వెంటనే ఒళ్ళుమండింది.

"ఏంటే, పెళ్ళిచూపులకొచ్చినట్టు అలా నిలబడ్డావు? నడు, వెనక జనం తోస్తున్నారు," అంది బొక్‌హీ.

చెరువు దగ్గర అందరూ వరసగా ఫొటోలు దిగారు. మాల్‌సున్ థుయ్ ఫోను బయటికి తీసింది. తెరమీద థుయ్ తల్లి బొమ్మ ఉంది, పలచటి మనిషి, అరటిచెట్ల ముందు నవ్వుతోంది. మాల్‌సున్ రెండు ఫొటోలు తీసింది. ఒకటి చెదిరింది. రోప్‌వే ఎక్కి పైకి వెళ్ళినప్పుడు ఎర్రటి కొండలన్నీ కళ్ళముందు పరుచుకున్నాయి. ఆమె కళ్ళు మాత్రం కిందకే పోయాయి. దూరాన బస్సులు అగ్గిపెట్టెల్లా కనబడుతున్నాయి. ఏది తమదో తెలియలేదు, కానీ అన్నిటి పక్కనా ఏదో ఒక పొగ లేస్తోంది. ఒక్కరోజైనా సుఖంగా చూడనివ్వదే ఈ పిల్ల అని థుయ్ మీదే కోపమొచ్చింది.

దిగొచ్చేసరికి చాపలు ముడతలు లేకుండా పరిచి ఉన్నాయి. చారు పొగలు కక్కుతోంది. చలికి థుయ్ ముక్కు కందిపోయింది, ముఖం మాత్రం విప్పారింది. మొదటి గిన్నె మాల్‌సున్‌కే తెచ్చిచ్చి పక్కన గొంతుక్కూర్చుంది.

"ఎలా ఉంది పిన్నీ? నిజంగా ఎర్రగా ఉందా?"

మాల్‌సున్‌కు వెంటనే జవాబు తట్టక చారు ఒక గుక్క తాగాల్సొచ్చింది. ఉన్నదున్నట్టు చెబితే ఈ పిల్ల ఏమైపోతుందో అనుకుంది. అంతకంటే ముందు, తనేమైపోతుందో అనుకుంది.

"ఏముందే, ఆకులు. జనం తొక్కిడి. సగం అప్పుడే ఎండి రాలిపోయాయి. ఇంతదూరం వచ్చి చూసేంత సంబడం కాదు," అంది, జేబులోని ఫోను బయటికి తియ్యకుండానే.

థుయ్ గుండెనిండా ఊపిరి పీల్చుకుంది. పాపం, పొద్దుటినుంచీ దిగమింగుకున్నదంతా ఆ మాటతో తేలికైపోయినట్టుంది. ఒక్క మాట కూడా అనుమానించలేదు.

"అయితే ఫర్వాలేదు పిన్నీ," అంది నవ్వుతూ. "వచ్చే ఏడు కూడా నేనే ఉంటాను బస్సు దగ్గర. మీరు నడవండి."

బొక్‌హీ ఆ మాట విని చేతిలో ముక్క కింద పెట్టేసింది. "విన్నారా? బంగారం లాంటి పిల్ల! వచ్చే ఏటికి మనకు దిగుల్లేదు!" అని కేకేసింది. ముసలామె మురిసిపోయింది. ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. థుయ్ సిగ్గుపడి చేతులతో ముఖం కప్పుకుంది.

మాల్‌సున్ గిన్నె చాప మీద పెట్టి, తనూ చప్పట్లు కొట్టింది.