వైగై గట్టున వంతు పని

మా కోయంబత్తూరు కాలనీ మురుగుకాలవ నొయ్యల్ నదిలో కలిసే చోట ఏం చేయాలన్నదాని మీద మా వీధి రెండుగా చీలింది. కాంక్రీటు వేసి మూసేద్దామని కొందరు, జమ్ము, వట్టివేరు నాటి నీటిని వడగడదామని కొందరు. నేను కాంక్రీటు వైపే. మా పాపకు డెంగీ వచ్చినప్పటి నుంచి నిలిచిన నీరంటే నాకు వణుకు. మదురైలో అలాంటి తోట ఒకటి నడుస్తోందని తెలిసి, చూసిరమ్మని సంఘం నన్నే పంపింది. వద్దనేవాడు చూసొచ్చి చెబితే అందరూ నమ్ముతారట.

ఆదివారం ఉదయం ఆరింటికి సింగానల్లూరు స్టాండులో బస్సెక్కాను. కిటికీ సీటు దొరికింది. ధారాపురంలో ఆపినప్పుడు ఇడ్లీ, కాఫీ అయ్యాయి. ఫోనులో నా మాటలు విని పక్క సీటు పెద్దాయన "మీ ఇంట్లోనూ తెలుగేనా?" అన్నాడు. కోవిల్‌పట్టి వైపు పత్తి రైతు. నా పని విని, "ఏటికి సిమెంటు పోస్తే భూమి తాగేదెట్ల తంబి?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా నిద్రపోయాడు.

పదకొండున్నరకు ఆరప్పాళయంలో దిగాను. అక్కడి నుంచి వైగై నడిచిపోయేంత దూరమే. మా ఆవిడ పెద్దమ్మ కూతురు చెల్లమ్మ వదిన స్టాండుకే వచ్చింది. ముప్పై ఏళ్లు ఊరి కాలవలు శుభ్రం చేసిన మనిషి. తోట చూసుకునేది ఆమే.

తోటంటే మరేం లేదు. వీధి మురుగు ఏట్లో పడేముందు లోతు తక్కువ గుంటలు మూడు. మొదటిదాంట్లో కంకర, తర్వాతవాటిలో జమ్ము, వట్టివేరు. మొదటి గుంట దగ్గర ముక్కు మూసుకున్నాను. మూడోదాని దగ్గర చెయ్యి తీసేశాను. రెండు కొంగలు నిలబడి ఉన్నాయి.

"దోమలు రావా వదినా?"

"నిలిస్తే వస్తాది. పారితే రాదు. వారం వారం దిగి అడుగు తోడాల. తోడకుంటే నువ్వు భయపడేది నిజమే."

"మీరే తోడతారా?"

ఆమె మెట్టు మీద కూచుంది. "తోట పెడతామని వచ్చినప్పుడు అందరూ నా మొకమే చూసినారు. నేను చెప్పినాను, ఇన్నేళ్లు జీతానికి దిగినా. ఇది మన వీధిది. ఇంటికొకరు దిగితేనే నేను దిగేది, లేకుంటే తోటే వద్దు."

గుంటలు తవ్వారు గానీ, నెల రోజులు ఎవరూ దిగలేదట. ఆమె కూడా దిగలేదు. కంపు వీధంతా కొట్టింది, ఆమె ఇంట్లో కూడా. చివరికి ఒక ఆదివారం మేడింటి రిటైర్డు టీచరు ప్యాంటు మడిచి, పార పట్టుకుని వచ్చి, "ఎక్కడి నుంచి మొదలెట్టాల చెల్లమ్మక్కా?" అన్నాడట.

"అంతవరకూ ఆ ఇంట్లోవాళ్లు నన్ను అక్కా అన్లేదు," అంది వదిన, చీర అంచు చూసుకుంటూ.

నేను వెళ్లిన రోజు వంతు కొట్టు నడిపే ఒకామెది. నేనూ చెప్పులు విడిచి దిగాను. బురద మోకాళ్లదాకా వచ్చింది. గంటలో నడుం పట్టేసింది. వదిన గట్టు మీద నుంచి, "పార లోతుగా దింపొద్దు తంబి, వేర్లు తెగుతాయి" అంటూ నేర్పింది. తర్వాత వదిన వాళ్లింట్లో చేపల పులుసు, అన్నం. అంత ఆకలి నాకు ఈ మధ్య వేయలేదు.

నాలుగున్నర బస్సుకు తిరుగు ప్రయాణం. ఒక్కరోజులో పోయి రావచ్చు, కాకపోతే మార్చుకోవడానికి బట్టలు పెట్టుకోండి. దిండుక్కల్ దాటాక మా సంఘం కార్యదర్శి రంగసామన్న ఫోను చేశాడు.

"ఏం తంబి, మొక్కలా, సిమెంటా?"

"మొక్కలు ఎవరైనా నాటొచ్చన్నా. ముందు వంతులు రాసుకోవాల. మొదటి ఆదివారం నాది."



"సరే," అన్నాడాయన మెల్లగా, "రెండోది నాకు రాయి."