బిడ్డకు నెయ్యి కాదు, మూత్రం తీసుకెళ్లాను

ఎన్ని మాత్రలు మార్చినా నా బీపీ తగ్గడం లేదు. కర్నూలులో బీపీ మాత్రల మీద పరిశోధన చేస్తున్న మా అమ్మాయి నా మూత్రం తెమ్మంటే, ఈ రోజు సీసాను తువ్వాలులో చుట్టుకుని ఆలూరులో బస్సెక్కాను.

"ఏమప్పా, బిడ్డకు నెయ్యి తీసకపోతాండావా?" అన్నాడు పక్క సీటాయన.

తలూపేశాను!

కర్నూలులో దిగి, ఆ సీసా కూతురికి ఇవ్వాలంటే సిగ్గేసింది. తను మాత్రం రెండు చేతులతో అందుకుంది.

"దీంట్లో ప్రొటీన్లుంటాయి నాయనా. వాటిని చూసి ఏ మాత్ర ఎవరికి పనిచేస్తాదో ముందే చెప్పగలమేమోనని చూస్తాండాం."

ఇన్నేళ్లూ చేనిగట్టున వదిలేసిన నీళ్లలో ఇంత సంగతి ఉందా! నాకు సరిపడే మాత్ర ఇంకా తెలియలేదు. అయినా గుండె నిండిపోయింది. ఎన్నిసార్లు నెయ్యి తీసుకెళ్లినా, మా బిడ్డ ఇంత అపురూపంగా ఎప్పుడూ అందుకోలేదు! బస్సులో మీరైతే ఏమని చెప్పేవారండీ?