బరువు మొయ్యని యాంగిళ్లు

వీరభద్ర వృత్తిరీత్యా గాలిని అనుమానించే మనిషి. కర్నూలులో ఒక కాంట్రాక్టు ఆఫీసులో కూర్చుని, పెద్ద కరెంటు లైన్లు మోసే ఇనుప టవర్లు ఎంత గాలికి ఎంత వంగుతాయో, ఎక్కడ వంగడం మాని విరుగుతాయో కంప్యూటర్లో లెక్క కట్టడం అతని పని. ఈ ఉద్యోగాన్ని పెళ్లిచూపుల్లో ఓపిగ్గా వివరించి మంచి సంబంధాలు పోగొట్టుకున్నాడు.

ఓర్వకల్లు దగ్గరి సొంతూళ్లో, మేనత్త భీమక్క చేనులోనే అలాంటి టవరొకటి ఉంది. నిరుడు ఊరికి పోయినప్పుడు ఆమె భర్త చిన్న ఈరన్న, టవరు కాళ్లకు అడ్డంగా బిగించిన సన్నటి ఇనుప బద్దలను, యాంగిళ్లను, చూపించాడు.

"అల్లుడా, ఇవి ఎంత బరువు మోస్తాండాయప్పా?"

"లెక్క ప్రకారం సున్నా మామా," అన్నాడు వీరభద్ర. ఊళ్లో అతని విద్యను అడిగేవాళ్లు అరుదు.

అబద్ధం కాదు. అవి బరువు మొయ్యవు. పొడుగాటి కాలు మధ్యలో పక్కకు వంగకుండా పట్టి ఉంచుతాయి. ఈ రెండో మాట చెప్పేలోపే అత్త అన్నానికి పిలిచింది.

ఈ మే నెలలో మళ్లీ పోయేసరికి టవరు పక్కన కొత్త మేకల దొడ్డి లేచింది. రేకుల కింద వాసాలూ, తలుపు చట్రమూ అన్నీ ఆ యాంగిళ్లే.

"ఇవి ఎవురు తీసినారు మామా?"

"ఎవురేంది, నేనే. సున్నా అంటివి గదా. ఊరికే కూచోనుండేటోళ్లకు ఈడ పని చూపించినా."

భీమక్క నవ్వింది. "ఇంజినీరు మాట మీదనే తీసినాం లేప్పా."

వీరభద్ర అరుగు మీదే ల్యాప్‌టాప్ తెరిచాడు. ఆధారం లేని కాలి పొడవు రెట్టింపయింది. అంటే వంగకుండా నిలిచే శక్తి నాలుగో వంతుకు పడింది. మామూలు గాలికి నిలుస్తుంది, గాలివానకు నిలవదు. పడితే దొడ్డి పక్కకే. ఆఫీసుకు ఫోన్ చేస్తే మనుషులొస్తారు. వాళ్ల వెనకే పోలీసులొస్తారు, దొంగతనం కేసులో అత్తామామలు ముద్దాయిలవుతారు.

"ఈ పొద్దే విప్పి మళ్లీ బిగిద్దాం మామా."

"ఈ ఎండకు మేకల్ని యాడ కట్టేది? రేపు కొయ్యలు తెచ్చుకుంటా. ఒక్క రాత్రికే పడిపోతాదా ఏంది నీ టవరు?"

వీరభద్ర ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. బంధుత్వం ఎంత గాలికి విరుగుతుందో ఏ పట్టికలోనూ లేదు.

సాయంత్రం పడమట దుమ్ము లేచింది. మేకల తాళ్లు విప్పడానికి ఈరన్న దొడ్డిలోకి పరుగెత్తాడు. వెనకే వీరభద్ర కేకలు పెట్టాడు.

"బయటికి రా మామా!"

"ఈనిన మేకలుండాయప్పా, వస్తాండా..."

ముందు టవరు కాలొకటి నడుమ మోకాలిలా మడతపడింది. మిగతావి మర్యాదగా దాన్ని అనుసరించాయి. టవరు లెక్క చెప్పిన పక్కకే, దొడ్డి మీదే పడింది. ఈరన్నను బయటికి తీయడానికి క్రేన్ రావలసి వచ్చింది.

అంత్యక్రియలయ్యాక పోలీసులొచ్చారు. తాను అన్న మాటా, చెయ్యని ఫోనూ రెండూ వీరభద్ర వాంగ్మూలంలో చెప్పాడు. మొదటిది కోర్టుకు అర్థం కాదని ఎస్సై కొట్టేయించాడు. తర్వాత సాక్ష్యంగా యాంగిళ్లు కావాలన్నాడు. తలుపు చట్రం ఒక్కటే నిటారుగా మిగిలింది, బతికిన మేకల్ని దానికే కట్టి ఉంచారు. దాని బోల్టులు విప్పడానికి కానిస్టేబుళ్ల దగ్గర పానా లేదు.

భీమక్క ఇంట్లోకి పోయి మొగుడి పానా తెచ్చి మేనల్లుడి చేతిలో పెట్టింది.

"నువ్వే విప్పప్పా," అంది. "మిగిలిన మేకల్ని నేను పట్టుకుంటా."