తాత మోసిన వంతెన

మొన్న విజయనగరంలో పలాస పాసింజరు ఎక్కాను. రైలు నాగావళి మీదకు వచ్చేసరికి నా కాళ్ళు వాటంతటవే సీటు మీదకు వచ్చేశాయి. ఎదుటాయన కింద బొద్దింక ఉందేమోనని వంగి చూశాడు. ఈ నెరిసిన తల పెట్టుకుని నేను ఆయనకి ఏం చెప్పను? అది మా మేనత్త పెట్టిన అలవాటు.

మాది సముద్రపొడ్డున వేటకెళ్ళే కుటుంబం. మా నాయనమ్మ తండ్రి, అంటే మేనత్తకి తాత, ఈ ఏటి మీద పాత ఇనప వంతెన కట్టేటప్పుడు పనికెళ్ళాడట. నీళ్ళల్లో ఊపిరి బిగబట్టగల మనుషులు దొరలకి కావలసి వచ్చారు మరి. అంత ఇనుము ఒట్టి ఇసుక మీద నిలబడదు. ముందు ఏటి మధ్య ఇనప చక్రం పరిచి, దాని మీద గుండ్రంగా గోడ కట్టేవారు, అచ్చం బావిలాగే. మనుషులు లోపలికి దిగి ఇసుక తోడుతూంటే ఆ బావి తన బరువుకి తానే కుంగి, గట్టినేల తగిలేదాకా దిగేది. అప్పుడు దాన్ని పూడ్చి, పైన స్తంభం లేపి, దూలాలెక్కించి, ఎర్రగా కాల్చిన రివిట్లు కొట్టి బిగించేవారు. తాత దిగిన బావిలో ఒకనాడు అడుగునుంచి ఇసుక పొంగింది. ఆయన మరి పైకి రాలేదు. వెతికి వెతికి, చివరికి ఆ బావిని అలాగే పూడ్చేశారు. అప్పటికి మా నాయనమ్మ ఇంకా తల్లి కడుపులోనే ఉంది.

ఏ స్తంభం కింద ఉన్నాడో ఎవరికీ తెలీదు. అందుకని వంతెన దాటేదాకా మేనత్త కాళ్ళు కింద పెట్టేది కాదు, మమ్మల్ని పెట్టనిచ్చేదీ కాదు. “ఒరే, కాళ్ళు పైకెట్టు. తాత మీద అడుగెట్టేస్తావేటి? ఆడు మోస్తన్నాడు గనకే ఎల్తన్నాది రైలు” అనేది. నాకు ఉద్యోగమొచ్చి, బూట్లు తొడుక్కున్నాక కూడా వదల్లేదు.

కొన్నేళ్ళ కిందట పక్కన కొత్త వంతెన లేచింది, పాతది తీసేస్తున్నారని తెలిసింది. మేనత్తకి అన్నం సయించలేదు. తాత ఎముకలు బయటపడి ఎక్కడ ఏ చెత్తలో కలుస్తాయోనని ఆవిడ బెంగ. ఎనభై దాటిన మనిషిని ఆటోలో ఏటి గట్టుకి తీసుకెళ్ళాను. గ్యాస్ కట్టర్ల కింద దూలాలు నిప్పులు రాలుస్తున్నాయి. మేనత్త అక్కడున్న కుర్ర ఇంజినీరు చెయ్యి పట్టుకుంది.

“మా తాతని తవ్వీస్తారేటి, బాబూ?”

సంగతంతా నేను విడమరిచి చెబితే అతను టోపీ తీసేశాడు. “లేదమ్మా. ఇనుము తీసి, స్తంభాలు ఇసుక మట్టానికి కొట్టేస్తాం. కింద బావులు అలాగే ఉండిపోతాయి. వాటిని కదపడం ఎవరి తరమూ కాదు.”

“మరి రైలో?”

“ఇంక దీని మీద నడవదమ్మా.”

మేనత్త నెమ్మదిగా ఇసుకలోకి దిగి, ఏటి వైపు తిరిగి, పక్క గదిలో మనిషితో చెప్పినట్టు చెప్పింది.

“ఇనపడిందా తాతా? బరువు దింపీసినారు. ఇంక తొంగో.”

నాకు ఏడుపు ఆగలేదు. పొద్దున్నే పనికెళ్ళిన మనిషికి ఆ పని ముగిసిందని చెప్పడానికి, ఒక్కోసారి మనవరాలు ముసలిది కావాలి.